బెజవాడ అంటే ఖండచాపు

మొన్న ఆదివారం మా మనవడు చెవులకి డిప్పలు తగిలించుకుని, ల్యాప్‌టాప్ ముందు కూచుని నన్ను గదిలోకి పిలిచాడు.

"తాతయ్యా, ఓ ట్యూన్ కడుతున్నా. టెంపో ఎంత పెట్టమంటావ్?"

"సాహిత్యం ఏదిరా?" అన్నాను.

"అదింకా లేదు. తరవాత రాయిస్తాం."

"పోనీ, రాగం?"

"అదీ తరవాతే. ముందు బీట్ లాక్ చేసేస్తే మిగతావన్నీ వచ్చి దానిమీద కూచుంటాయి. 92 పెట్టనా, 94 పెట్టనా?"

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మాట పుట్టలేదు, స్వరం పుట్టలేదు, దానికి నడక మాత్రం నిర్ణయమైపోయింది. అదీ జ్వరం చూసినట్టు అంకెల్లో! నేను నలభై ఏళ్లు తబలా, డోలక్, మృదంగం ఏది చేతికిస్తే అది వాయించి పెళ్లాం పిల్లల్ని పోషించినవాణ్ణి. అన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు నన్ను అంకె అడగలేదు. "నడక ఏమిటోయ్?" అనే అడిగేవారు. నడక అన్నాక నడిచే మనిషి ఒకరుండాలి కదా. ఆ మనిషి ఎవరో చూసి, ఆమె చంకలో పిల్లుందా, నెత్తిన కడవుందా, కాలికి ముల్లు గుచ్చుకుందా చూసి, అప్పుడు చెయ్యి చర్మం మీద పెట్టేవాళ్లం.

ఈ మాట అంటే మా వాడు నవ్వుతాడు. "నీకు లయ ఎవరు నేర్పారు తాతయ్యా?" అంటాడు వెటకారంగా. రైలు నేర్పింది. అబద్ధం కాదు.

మా గురువుగారి ఇల్లు విజయనగరంలో, గంటస్తంభానికి నాలుగు సందుల అవతల. పెంకుటిల్లు, ముందు పెద్ద అరుగు. నేను చేరిన కొత్తలో ఆరు నెలలు మృదంగం ముట్టుకోనివ్వలేదు. నోటితో చెప్పడమే. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే అయిదు. పదేళ్ల పిల్లాడు ఎంతసేపని చెప్పగలడు, విసుగు రాదూ? ఓ రోజు, "నేను మద్రాసు పోతానండీ, సినిమాల్లో వాయిస్తాను" అన్నాను. కొడతారనుకున్నాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "అయితే దారి నేర్చుకో" అన్నారు.

దారంటే ఇదీ. "విజయనగరం అను. విరువు. విజయ, మూడు మాత్రలు. నగరం, నాలుగు. తకిట తకధిమి. నువ్వు పుట్టిన ఊరే మిశ్రచాపురా వెధవా, నేను కొత్తగా నేర్పేదేముంది?" అని మొదలెట్టారు. రైలు కదిలింది. వాల్తేరు వచ్చింది, అక్కడ ఇంజను ఈ కొసనించి విప్పి ఆ కొసకి తగిలిస్తారు. తరవాతది అనకాపల్లి. "లెక్కపెట్టు." పెట్టాను. అదీ ఏడే. "ఏడే గాని ఎలాంటి ఏడు? అనకా నాలుగు, పల్లి మూడు. తకధిమి తకిట. వాల్తేరులో ఇంజను తిప్పారు కదా, అందుకని ఇక్కడికొచ్చేసరికి ఏడు కూడా తిరగబడింది. దీన్ని విలోమచాపు అంటారు. శ్యామశాస్త్రిగారు దీంట్లో ఆడుకున్నారు. ఏడూ ఏడూ ఒకటే అనుకున్నావో, విజయనగరంలో ఎక్కాల్సిన రైలుకి అనకాపల్లిలో నిలబడతావు."

తుని అంటే రెండే మాత్రలు. అరచెయ్యి ఓసారి తట్టి, ఓసారి తిప్పితే దాటిపోతుంది. అది ద్రుతం. సామర్లకోట ఎనిమిది, అక్కడ ఆదితాళం వేసుకుని కాస్త కాళ్లు చాపుకోవచ్చు. రాజమండ్రి రెండు మూళ్లు, తిశ్రం. ఏలూరు అయిదు. బెజవాడ అయిదు: బెజ రెండు, వాడ మూడు, తక తకిట. ఖండచాపు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈనాటికీ నా నోటి వెంట ముందు బెజవాడే వస్తుంది. తెనాలి నాలుగే, కాని బరువంతా నడుమ "నా" మీద ఉంది, అక్కడ చెయ్యి తేలిపోకూడదు. తెనాలి దాటాక ఇంక మద్రాసు దాకా ఖండమే. బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు, మద్రాసు. కావలిస్తే వేళ్లమీద లెక్కపెట్టుకోండి, ఒక్కోటీ రెండూ మూడూ అయిదు. మధ్యలో కావలి ఒక్కటే నాలుగు. "అక్కడ కాపలా ఉండు. అయిదు అలవాటులో పడి నాలుగుని అయిదు చేస్తావు. తాళం తప్పేది అలాంటి చోటే," అనేవారు.

చూశారా, ఇందులో అంకె లేదని నేననను. అంకె ఉంది. కాని అది ఊరి పేరులో ఉంది. మాటని విరిస్తే బయటికొచ్చే అంకె అది. ఎవడో తెరమీద గీత గీసి, ఈ గీతల మధ్యన మాటలు కుక్కు అని ఇచ్చే అంకె కాదు.

మన పూర్వీకులు ఇంకా మొనగాళ్లు. రగడలకి పేర్లు ఎలా పెట్టారో చూడండి. మూడు మాత్రల గణాలతో నడిస్తే హయప్రచారం, గుర్రం పోయినట్టు. అయిదయితే ద్విరదగతి, ఏనుగు ఊగుతూ వచ్చినట్టు. మూడూ నాలుగూ కలిస్తే వృషభగతి. ఎద్దు నడక చూసినవాళ్లకి ఇది ఇంకొకళ్లు చెప్పక్కర్లేదు, ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు. మా గురజాడవారు 1910లో ముత్యాలసరం బయటికి తెచ్చినప్పుడు పట్టుకున్నదీ ఆ మూడూ నాలుగే. వారుండేది విజయనగరం, అందుకని వారి ఛందస్సులోనూ ఊరిపేరే మోగిందని మా గురువుగారు ఢంకా బజాయించి చెప్పేవారు. పండితులు ఒప్పుకోరు. నేనొప్పుకుంటాను.

ఆ గాలిలోనే అలాంటిదేదో ఉండేది. ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో అయిదు తాళాలు ఏకకాలంలో చూపేవారని చెప్పుకునేవారు. ఇటు బొబ్బిలి కేశవయ్యగారు తంజావూరు వెళ్లి సింహనందన తాళంలో పాడి సవాలు విసిరారనీ, శ్యామశాస్త్రిగారు శరభనందనంతో జవాబిచ్చారనీ ఇంకో కథ. సింహనందనం ఒక్క ఆవర్తనం 128 అక్షరాలు. మా వాడికి ఈ సంగతి చెప్తే, "అంత పెద్ద లూప్ ఎవరు వింటారు తాతయ్యా!" అన్నాడు. లూపట!

మద్రాసు సంగతికొస్తాను. నేను వెళ్లింది 1966లో. మొదట్లో కంజీరా తడిపి ఇచ్చే పని, తరవాత డోలక్, తరవాత సిట్టింగులకి తబలా. పాట పుట్టేది ఆ సిట్టింగుల్లోనే. ఓ మేడమీద గది, చాప, హార్మణీ, ఓ మూల నేను. కవిగారు, దర్శకుడు, సంగీత దర్శకుడు, మధ్యలో ఇడ్లీ పొట్లాలు. కె.వి. మహదేవన్‌గారు సాహిత్యం చేతికిచ్చాకే వరస కట్టేవారన్నది అందరికీ తెలిసిందే. తెలుగు ఆయన భాష కాకపోయినా, పక్కన పుహళేంది గారు కూచుని మాట మాటా పట్టి ఇచ్చేవారు. అందరూ అలా చేసేవారని నేను బొంకను. ట్యూన్ ముందు కట్టి, "తన్నన్నా తానన్నా" అని కవిగారికి ఇచ్చిన రోజులు అప్పుడూ ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. కాని ఆ తన్ననాలు కూడా ఓ మనిషి గొంతులోంచి వచ్చినవే.

ఒక సిట్టింగు సంగతి చెప్తాను. సినిమా పేరు వద్దు, అది ఎలాగూ వారంరోజులే ఆడింది. సందర్భం ఏమిటంటే, ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని తిరుమల మెట్లు ఎక్కుతోంది. కవిగారు పల్లవి తెచ్చారు. మొదటి మాట "ఏడుకొండలు". సంగీత దర్శకుడు భక్తిపాట కదా అని ఆదితాళంలో మొదలెట్టారు. పొద్దున్న తొమ్మిదినించి మధ్యాహ్నం దాకా లాగాం. ఎంత లాగినా అది భజనలా ఉంటుందే గాని, ఆ మనిషి కనపడదు. "ఏడుకొండలు" అనగానే చివర ఓ మాత్ర ఖాళీ మిగిలి పోతోంది, దాన్ని పూడ్చడానికి ఓ దీర్ఘం, ఆ దీర్ఘానికి ఓ గమకం. కవిగారు మొహం మాడ్చుకుని, "నేను రాసింది అది కాదండీ" అని గొణుక్కుంటున్నారు.

నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. నోరెత్తే హోదా లేదు. భోజనాలయ్యాక కవిగారు ఎవరికోసమూ కాకుండా తనకోసం ఆ పంక్తి చదువుకుంటున్నారు. నా చెయ్యి డగ్గామీద ఊరికే పడుతోంది. ఏడు మూడు, కొండలు నాలుగు. ఆ మాటలో ఏడు మాత్రలున్నాయి! ఏడుకొండల పేరులో ఏడుంటే మేం పొద్దుటినించి ఎనిమిదో కొండ కోసం వెతుకుతున్నాం. చెయ్యి దానంతటదే మిశ్రంలోకి జారింది, తకిట తకధిమి. కునుకు తీస్తున్న సంగీత దర్శకుడు కళ్లు తెరిచి, "ఎవడ్రా అది?" అన్నారు. నా ప్రాణం పోయింది. "మళ్లీ వాయించు," అన్నారు. వాయించాను. ఆవిడ కనపడింది. ఒక మెట్టు గబుక్కున ఎక్కి, రెండో మెట్టుమీద పిల్లని సర్దుకుని, మళ్లీ ఎక్కుతోంది. ఒకడుగు పొట్టి, ఒకడుగు పొడుగు. సాయంత్రం కాఫీ వచ్చేసరికి పాట అయిపోయింది. నా కష్టానికి ఓ మసాలా దోసె అదనంగా తెప్పించారు. రికార్డుమీద నా పేరు వెయ్యలేదు. వాద్యకారులు ఎవరి పేరూ వేసేవారు కాదు లెండి.

రికార్డింగు మరో యుద్ధం. ముప్ఫై నలభై మందిమి ఒకే హాల్లో, పాడేవాళ్లతో సహా. రిహార్సళ్లమీద రిహార్సళ్లు చూసుకుని టేక్‌కి వెళితే, చివరి చరణంలో ఒక్క ఫిడేలాయన తుమ్మితే మళ్లీ మొదటికి. ఏసీ చలికి చర్మం బిగిసి శ్రుతి ఎక్కిపోయేది, వాన పడితే దిగిపోయేది. మృదంగం తొప్పికి రవ్వ ముద్ద తడిపి అంటించడం, ఎండితే గీకెయ్యడం, మళ్లీ అంటించడం. ఇప్పుడు మా ఇంట్లో ఆ బొంబాయిరవ్వ ఎక్కువగా ఉప్మాకే వెళుతోంది.

1980ల్లో తాళం వాయించే జపాన్ పెట్టెలొచ్చాయి. మొదటిసారి నేను చూసిన రోజు బాగా గుర్తు. పొద్దున్న నా సంచీ మోసుకుంటూ వెళ్తే, రోజూ నేను కూచునే చోట కుర్చీ వేసి, కుర్చీమీద దాన్ని కూచోబెట్టారు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. తాళవాద్యాలకి ఆరుగురం పిలిపించుకున్నవాళ్లం, ఆ రోజు వాయించింది నేనొక్కణ్ణే, అదీ రెండు చోట్ల ముక్తాయింపు. మిగతా అయిదుగురూ బయట వేపచెట్టు కింద పేకాడుకుని, ఇచ్చిన సగం కూలి తీసుకుని ఇళ్లకి పోయారు. ఆ సంగీత దర్శకుడు మంచివాడే. "దానికి కాఫీ అక్కర్లేదయ్యా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం.

ఆ పెట్టెతో నాకు తగువు అది వాయించినందుకు కాదు. అది వినదు. అదీ నా తగువు. పాడే ఆవిడ చరణం ఎత్తుకునేముందు ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరికి మేం వెంట్రుకవాసి ఆగేవాళ్లం. పల్లవికి తిరిగొచ్చేటప్పుడు ఇల్లు కనపడ్డ ఎద్దులా కాస్త ముందుకు లాగేవాళ్లం. పెట్టె ఆగదు. ఊపిరి తీసుకున్నావా లేదా దానికనవసరం. కొన్నాళ్లకి పాడేవాళ్లే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దాన్ని చూసి నేర్చుకున్నారు.

ఈ మాటే మావాడితో అంటే, వాడు చప్పుడు చెయ్యకుండా నేను వాయించిన పాత పాట ఒకటి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఏదో గీతలు గీసి, "చూడు తాతయ్యా, మొదలెట్టింది 88. ముగించింది 94. పరిగెత్తేశావు," అన్నాడు.

"అది పరుగు కాదురా. ఆ పిల్ల మూడో చరణంలో ప్రియుడి దగ్గరికి పోతోంది. ఆ తొందర."

"నిజంగా?"

నిజం చెప్పాలంటే ఆ రోజు ఒంటిగంటకి కాల్షీటు అయిపోతోంది. రెండింటికి నాకు వేరే స్టూడియోలో పనుంది. తొందరపడ్డది ఆ పిల్ల కాదు. ఆ మాట వాడితో అనలేదు.

ఇప్పటివాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఇంకో వింత ఉంది. దెబ్బలన్నీ గీతమీద తూచినట్టు పడేసరికి వాళ్లకే వెగటు పుట్టి, "హ్యూమనైజ్" అని ఓ మీట కనిపెట్టారు. అది తిప్పితే దెబ్బలు అటూ ఇటూ రవ్వంత జరుగుతాయి. మనిషి వాయించినట్టుంటుందట. తప్పులు పోగొట్టుకోడానికి ఏళ్ల తరబడి గురువుగారి అరుగుమీద పడున్నాను. వీళ్లు తప్పులు పెట్టుకోడానికి మీట కొనుక్కుంటున్నారు. పైగా అది ఎక్కడ ఆగాలో, ఎందుకాగాలో తెలిసి జరిపేది కాదు, పాచికలు వేసినట్టు. తాగినవాడు తూలినంత మాత్రాన నాట్యం అవుతుందా?

పోయినవారం ఈ గోల మీదే భోజనాల దగ్గర పెద్ద వాదన. ఈ కాలంలో మాటని బట్టి తాళం ఎవరు కడుతున్నారు, చూపించు అన్నాను. మావాడు అన్నం కలుపుతూ, "నాటు అనే మాటకి ఎన్ని మాత్రలు తాతయ్యా?" అన్నాడు.

"నా రెండు, టు ఒకటి. మూడు."

"నాటు నాటు?"

"ఆరు. తిశ్రం."

"కీరవాణిగారి పాట నడక ఏమిటి?"

పప్పు గొంతుకడ్డం పడింది. ఆ పాట తిశ్రంలోనే ఉంది. చంద్రబోస్‌గారు రాసిన మాటలోనే దరువుంది, 2023లో అది ఆస్కారు దాకా వెళ్లింది. నేను టీవీలో చూస్తూ వందసార్లు తాళం వేసినవాణ్ణే, ఎన్నడూ మాట విరిచి చూడలేదు. కోడలు నవ్వు దాచుకోడానికి మజ్జిగ తేవడానికి లోపలికెళ్లింది. "వెయ్యింట ఒకటి" అని తప్పుకున్నాను. మావాడు, "మీ రోజుల్లో మాత్రం?" అన్నాడు. మారం మజ్జిగతో ముగిసింది.

అసలు సంగతి తరవాత జరిగింది. మరునాడు వాడు మంచి మాటలు చెప్పి, మృదంగం దింపించి, "ఆ విజయనగరం ఓసారి వాయించి చూపించవా" అన్నాడు. మురిసిపోయి కూచున్నాను. వయసు డెబ్భై ఎనిమిది, వేళ్లు మునుపట్లా లేవు, రవ్వ ముద్ద సరిగా తడవలేదు. నాలుగు ఆవర్తనాలు వాయించాను. మూడోదాంట్లో "నగ" దగ్గర తొప్పిమీద ఉంగరంవేలు జారి, చిన్న గీరుడు శబ్దం, తరవాతి దెబ్బ రవ్వంత ఆలస్యం. పెద్ద తప్పు కాదు. కచేరీలో అయితే ఎవరికీ తెలీదు, నాకూ ఆ రాత్రికి గుర్తుండదు. బల్లమీద ఫోను ఊరికే పడుందనుకున్నాను.

ఆ నాలుగు ఆవర్తనాలూ కత్తిరించి, చుట్టచుట్టి, వాడి స్నేహితుడి చిన్న సినిమాకి పాట కింద పరిచేశాడు. ఏడు మాత్రల్లో పాటట. బావుందని అందరూ అంటున్నారట. "ఆ గీరుడు తీసేసి పెట్టొచ్చు కదరా, నీ దగ్గర అన్ని మీటలున్నాయిగా" అన్నాను, సిగ్గేసి. "అయ్యో తాతయ్యా, అందరికీ నచ్చిందే అది!" అన్నాడు.

ఇప్పుడు మా కోడలి ఫోన్లో పొద్దున్నా సాయంత్రం అదే పాట. నేను పేపరు చదువుకుంటున్నా చెయ్యి మోకాలిమీద తాళం వేస్తూనే ఉంటుంది. ఒకటో ఆవర్తనం, రెండు, మూడోది ఎత్తుకోగానే ఒళ్లు బిగుసుకుంటుంది. విజయ, నగ... గీరుడు. నాలుగు ఆవర్తనాలకోసారి, పాట అయ్యేదాకా. వంటింట్లో పోపు వేస్తూ మా ఆవిడ, "అదిగో, వచ్చారు" అంటుంది.